చికిత్స ముగిశాక మొదలైన దిగులు: ఫోనులో సాటి రోగితో మాట్లాడటం నిజంగా మేలు చేస్తుందా?

ప్రశ్న: శారదానది

అందరికీ నమస్కారం. నేను అనకాపల్లి జిల్లాలోని ఒక చిన్న ఊరిలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలిని. నిరుడు నా ఎడమ రొమ్ములో గడ్డ కనిపిస్తే బయాప్సీ చేశారు, క్యాన్సర్ అని తేలింది. విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి రొమ్ము తీసివేశారు. తరువాత కీమో, దాని వెనుక రేడియేషన్ ఇచ్చారు. ఇప్పుడు జబ్బు తిరగబెట్టకుండా రోజూ టామాక్సిఫెన్ మాత్ర వేసుకుంటూ, మూడు నెలలకొకసారి చూపించుకోవడానికి వెళ్తున్నాను. ఇంతవరకు పరీక్షలన్నీ బాగానే ఉన్నాయని డాక్టరుగారు చెప్పారు.

చికిత్స జరుగుతున్నన్నాళ్లూ లేని దిగులు అది ముగిశాక పట్టుకుంది. కీమో రోజుల్లో ఎప్పుడూ ఏదో ఒక పని ఉండేది. రక్తపరీక్ష చేయించుకోవడం, తెల్ల రక్తకణాల కౌంటు పడిపోయిందో లేదో చూపించుకోవడం, సూది వేయించుకోవడం, మళ్లీ బస్సు ఎక్కడం. కీమో ఎక్కించే డే కేర్‌లో పక్క మంచం మీది వారితో నాలుగు మాటలు కలిసేవి, సిస్టర్లు పేరు పెట్టి పిలిచేవారు. ఇప్పుడు అవేవీ లేవు. బడికి వెళ్తున్నాను, పాఠం చెబుతున్నాను, ఇంటికి వచ్చి వంట చేస్తున్నాను. నేను కోలుకున్నానని అందరూ సంతోషిస్తున్నారు. నాకు మాత్రం నడిరాత్రి ఒళ్లంతా చెమట పట్టి మెలకువ వస్తుంది, ఇక తెల్లవారేదాకా చంకలో ఏమైనా తగులుతుందేమోనని తడుముకుంటూ పడుకుంటాను. నడుము కాస్త నొప్పి పెడితే ఎముకకు పాకిందేమోనన్న భయం వస్తుంది. చెకప్ తేదీ దగ్గర పడుతున్నకొద్దీ అన్నం సహించదు.

మావారు నన్ను కంటికి రెప్పలా చూసుకున్నారు, ఆయన మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ నేను ఈ మాట ఎత్తగానే, “అయిపోయినదాన్ని మళ్లీ ఎందుకు తలచుకుంటావు” అని మాట మారుస్తారు. పెద్దమ్మాయికి సంబంధాలు చూస్తున్నాము కాబట్టి ఈ సంగతి బయటికి పొక్కకూడదని అత్తగారు గట్టిగా చెప్పారు. అందువల్ల బడిలో కూడా గర్భసంచి ఆపరేషన్ అనే చెప్పుకున్నాము.

కిందటిసారి ఓపీకి వెళ్లినప్పుడు అక్కడి సోషల్ వర్కరు, ఇదే జబ్బుకు చికిత్స చేయించుకొని కోలుకున్నవారు ఫోనులో మాట్లాడే ఏర్పాటు ఉందని, ఇష్టమైతే నా పేరు రాసుకుంటానని అన్నారు. ఆలోచించి చెబుతానన్నాను. ముఖం కూడా తెలియని మనిషితో ఇటువంటి విషయాలు మాట్లాడితే నిజంగా ఉపయోగం ఉంటుందా? మా ఇంటి సంగతి బయటికి వెళ్లదని నమ్మవచ్చునా? ప్రాణాలతో బయటపడ్డాక కూడా ఇలా బాధపడటం కృతఘ్నత అనిపించుకోదా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: కోనసీమ అక్క

చెల్లెమ్మా, మీరు చివర రాసిన ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. అది కృతఘ్నత కానే కాదు. నాకు ఇదే ఆపరేషన్ జరిగి చాలా ఏళ్లయింది. నేను చూపించుకున్న ఆసుపత్రి తరఫున, కొత్తగా ఈ దారిలోకి వచ్చినవారితో కొన్నేళ్లుగా ఫోనులో మాట్లాడుతున్నాను. మాకు ఫోను చేసేవారిలో కీమో మధ్యలో ఉన్నవారికన్నా, “చికిత్స అయిపోయింది, ఇక రానక్కరలేదు, మూడు నెలల తరువాత కనబడండి” అని చెప్పించుకొని ఇంటికి వచ్చినవారే ఎక్కువ. చికిత్స సాగినంతకాలం శరీరాన్ని కాపాడుకోవడంతోనే మనసుకు సరిపోతుంది. అది ముగిశాకే, జరిగినదంతా ఏమిటో ఆలోచించుకునే తీరిక దొరుకుతుంది. చుట్టూ ఉన్నవారు పండుగ చేసుకుంటున్న సమయంలో మీకు ఏడుపు రావడంలో వింత ఏమీ లేదు.

ముఖం తెలియని మనిషితో మాట్లాడితే ఉపయోగమా అన్నారు. ముఖం తెలియకపోవడమే మేలు అనిపించే విషయాలు కొన్ని ఉంటాయి. స్నానాల గదిలో అద్దం వైపు చూడలేకపోవడం గురించి, భర్త చెయ్యి వేస్తే ముడుచుకుపోవడం గురించి, జాకెట్టు కుట్టే దర్జీకి ఒకవైపు కొలత ఎలా చెప్పాలో తెలియక పాత జాకెట్లతోనే గడుపుతుండటం గురించి స్త్రీలు నాతో చెప్పారు. ఇవి డాక్టరుగారిని అడిగే విషయాలు కావు, అక్కచెల్లెళ్లతో చెప్పుకుందామన్నా నోరు రాదు. అదే ఆపరేషన్ అయిన మనిషి అవతల ఉందని తెలిస్తే మాత్రం, ఆ మాట బయటికి రావడానికి పెద్దగా సమయం పట్టదు. బ్రాలో పెట్టుకునే నూలు మెత్త ఎలా ఉండాలి, ఆపరేషన్ అయిన వైపు చెయ్యి పైకి ఎత్తే వ్యాయామం ఏ రోజున ఎంతవరకు వచ్చింది, విగ్గు ఎండకు ఎంత ఉక్కపోస్తుంది అన్న చిన్న చిన్న సంగతులే చాలాసార్లు మా సంభాషణకు మొదలు అవుతాయి. అసలు భయం వాటి వెనుక వస్తుంది.

ఇది ఈ మధ్య పుట్టుకొచ్చిన ఆలోచన కాదు. 1952లో న్యూయార్కులో టెరీస్ లాసర్ అనే ఆవిడకు రొమ్ముతో పాటు దాని కింది కండరాలు కూడా తీసివేసే పెద్ద ఆపరేషన్ జరిగింది. ఇంటికి వెళ్లాక ఎలా బతకాలో, ఏమి వేసుకోవాలో, చెయ్యి ఎలా కదిలించాలో చెప్పేవారు లేకపోవడంతో, అదే ఆపరేషన్ అయిన స్త్రీల మంచాల దగ్గరికి తానే వెళ్లి మాట్లాడటం మొదలుపెట్టారు. రీచ్ టు రికవరీ అన్న పేరుతో సాగిన ఆ పనిని 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ తన కార్యక్రమంగా తీసుకున్నది. మన దేశంలో ముంబైలోని వీ కేర్ ఫౌండేషన్ 1994 నుంచి, జబ్బు నుంచి కోలుకున్నవారిని కూడా స్వచ్ఛంద సేవకులుగా పెట్టుకొని పనిచేస్తున్నది. ఆనాడు మంచం పక్కన కూర్చొని చేసిన పనినే మేము ఫోనులో చేస్తున్నాము. చింతూరు నుంచో, పాడేరు నుంచో మాట్లాడుకోవడం కోసమే ఒక మనిషి విశాఖకు రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, వెంట వచ్చేవారి కూలి కూడా పోతుంది. పైగా కౌంటు తక్కువగా ఉన్నవారు జనంలోకి రాకూడదు. అటువంటివారికి ఫోను తప్ప దారి లేదు.

గోప్యత గురించి మీరు భయపడటం న్యాయమే. పేరు రాయించే ముందు సోషల్ వర్కరును సూటిగా అడగండి. అవతలి మనిషికి నా పేరు, ఊరు, నంబరు చెబుతారా, ఆమె మా జిల్లా మనిషేనా, మాట్లాడినది ఎవరికైనా నివేదిక రూపంలో వెళ్తుందా అని. ఊరి పేరు తెలియనివ్వకుండా, దూరపు జిల్లా మనిషిని జత చేయమని కోరవచ్చు. నాతో మాట్లాడినవారిలో కొందరి అసలు పేరు నాకు ఇప్పటికీ తెలియదు, నేను అడగలేదు కూడా. ఒకే ఒక్క విషయంలో మాత్రం మేము మౌనంగా ఉండము. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన ఎవరైనా బయటపెడితే ఆసుపత్రివారికి తెలియజేస్తాము, ఆ మాట మొదటి రోజే చెబుతాము.

మేము చేయనివి కూడా ఉన్నాయి. మందు మార్చమని గానీ, డోసు తగ్గించమని గానీ చెప్పము. కీమో నడుస్తున్నవారు జ్వరమని ఫోను చేస్తే ఓదార్చుతూ కూర్చోము. 100.4 ఫారెన్‌హీట్ దాటితే వెంటనే ఆసుపత్రికి వెళ్లమని చెప్పి ఫోను పెట్టేస్తాము, ఎందుకంటే తెల్ల రక్తకణాలు పడిపోయినప్పుడు వచ్చే జ్వరం కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి తేగలదు. “ధైర్యంగా ఉండండి” అన్న మాటతో సంభాషణను మొదలుపెట్టము. అవతలి మనిషి తన భయాన్ని పూర్తిగా చెప్పుకోకముందే ఆ మాట అంటే, ఇక చెప్పవద్దు అన్నట్లే వినిపిస్తుంది.

జవాబు: టెక్కలి నుంచి ఒక కొడుకు

ఫోను అందరికీ ఒకేలా పనికిరాదని, అయినా వేరే దారులు ఉన్నాయని చెప్పడానికి ఇది రాస్తున్నాను. మా అమ్మ చిన్నప్పటి నుంచి అడ్డపొగ తాగేది. చుట్ట నిప్పును నోటిలోపల పెట్టుకొని తాగడం మా శ్రీకాకుళం ప్రాంతపు పెద్దవయసు ఆడవారికి కొత్త కాదు. అమ్మకు అంగిట్లో క్యాన్సర్ వచ్చింది. పైదవడలో కొంత భాగం తీసివేసి, ఆ రంధ్రాన్ని మూసేందుకు పళ్లసెట్టు వంటి ప్లేటు చేసి ఇచ్చారు. ప్లేటు లేకపోతే తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాట ముక్కుతో మాట్లాడినట్టు అవతలివారికి అర్థం కాదు. మాట్లాడితే నవ్వుతారని పలకరింపులకు కూడా బయటికి రావడం మానేసింది. అటువంటి మనిషికి ఫోను చేతికిచ్చి, కష్టసుఖాలు చెప్పుకోమంటే ఎలా చెప్పుకుంటుంది?

అమ్మకు చదువు రాదు కాబట్టి రాతలో మెసేజీలు కుదరవు. చివరికి ఉపయోగపడినది వాట్సాప్‌లో గొంతు రికార్డు చేసి పంపడం. ఇదే ఆపరేషన్ అయిన ఇంకొక పెద్దావిడతో, ఆవిడ కోడలి ఫోను ద్వారా పరిచయం కుదిరింది. అమ్మ తనకు వీలైనప్పుడు, ప్లేటు సరిగ్గా పెట్టుకొని, రెండు మాటలు రికార్డు చేస్తుంది. నచ్చకపోతే తీసేసి మళ్లీ చెబుతుంది. ఎదుటి మనిషి వెంటనే జవాబు కోసం ఎదురుచూస్తున్నదన్న తొందర ఉండదు. అవతలి ఆవిడ గొంతు కూడా అలాగే ముక్కుతో వస్తుంది, ఆ గొంతు విన్న మొదటి రోజున అమ్మ దాన్ని పదే పదే పెట్టించుకొని విన్నది. ఎక్కువగా మాట్లాడుకునేది తిండి గురించే. ఏ అంబలి దిగుతుంది, ఏ పచ్చడి మండుతుంది, ప్లేటును రాత్రి ఎలా శుభ్రం చేయాలి. డాక్టర్లు నెలల తరబడి చెప్పినా మానని చుట్టను, ఆ ఆవిడ మానేసిందని విన్నాక అమ్మ తాకలేదు.

పెద్ద పెద్ద వాట్సాప్ గ్రూపుల సంగతి మాత్రం జాగ్రత్త అండీ. నేను చేరిన ఒక గ్రూపులో వందల మంది ఉండేవారు. వారంలో ఒకరోజైనా ఎవరో ఒకరు పోయారన్న వార్త, దాని కింద వరుసగా నమస్కారాల బొమ్మలు కనిపించేవి. మధ్యలో లక్ష్మణఫలం కషాయం తాగితే కీమో అక్కరలేదని ఒకరు, కాశీ నుంచి తెప్పించిన పసరు ఉందని ఇంకొకరు పెట్టేవారు. గ్రూపులో చేరితే మన నంబరు అందరికీ కనిపిస్తుంది. అలా నంబరు దొరికించుకొని మందులు అమ్మడానికి ఫోను చేసినవారు కూడా ఉన్నారు. సంగతి బయటికి పొక్కకూడదనుకునే మీవంటివారు అటువైపు వెళ్లవద్దని నా మనవి. ఆసుపత్రి మనిషి చూసి కలిపే ఒకరికి ఒకరు ఏర్పాటు వేరు, ఎవరైనా లింకు నొక్కి చేరే గ్రూపు వేరు.

జవాబు: హైదరాబాదు నుంచి ఒక క్లినికల్ సైకాలజిస్టు

నేను క్యాన్సర్ రోగులతో పనిచేసే క్లినికల్ సైకాలజిస్టును. శారదానది గారు రాసినదానిలో మనసుకు సంబంధించినవీ, శరీరానికి సంబంధించినవీ కలిసి ఉన్నాయి. రెండింటినీ విడదీసి చూసుకుంటే మీకు సాయం తేలికగా అందుతుంది.

రాత్రిళ్లు చెమట పట్టి మెలకువ రావడం టామాక్సిఫెన్ వాడే చాలామందిలో కనిపించే ఇబ్బంది. ఒళ్లు ఆవిరెత్తి నిద్ర చెడుతుంది, చెడిన నిద్రలో భయపు ఆలోచనలు పెరుగుతాయి. రక్తహీనత, థైరాయిడ్ తగ్గడం వంటివి కూడా దిగులులాగే కనిపిస్తాయి. అందుచేత వచ్చే చెకప్‌లో ఈ రాత్రి మెలకువల సంగతి డాక్టరుగారితో తప్పక చెప్పండి. కీమో జరుగుతున్నవారు ఇది చదువుతుంటే ఇంకొక మాట. కీమోతో పాటు ఇచ్చే డెక్సామెథసోన్ వంటి స్టీరాయిడ్ వల్ల రెండు మూడు రోజులు నిద్ర పట్టకపోవడం, విసుగు, ఆపుకోలేని ఏడుపు రావచ్చు. నా మనసు బలహీనమైపోయిందని ఆ రోజుల్లో అనుకోవద్దు.

ముఖ్యమైన హెచ్చరిక ఒకటి ఉంది. దిగులుకు మందు వాడవలసి వస్తే, ఆ మందు రాసే డాక్టరుకు మీరు టామాక్సిఫెన్ వాడుతున్నారని మొదటే చెప్పాలి. పారాక్సెటిన్, ఫ్లూయాక్సెటిన్ వంటి కొన్ని మందులు, కాలేయం టామాక్సిఫెన్‌ను పనిచేసే రూపంలోకి మార్చడాన్ని అడ్డుకుంటాయి. వెన్లాఫాక్సిన్ వంటివాటితో ఆ ఇబ్బంది చాలా తక్కువ, పైగా ఒంటి ఆవిర్లు కూడా కొంత తగ్గుతాయి. ఊళ్లో మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్ర వాడవద్దు. ఇప్పటికే ఏదైనా వాడుతుంటే ఈ మాట చదివి అర్ధాంతరంగా ఆపవద్దు, డాక్టరునే అడగండి.

సాటి రోగులతో మాట్లాడటం వల్ల మేలు ఉందా అన్నదానికి పరిశోధనలు చెప్పేది ఉన్నదున్నట్లుగా రాస్తాను. 1989లో అమెరికాలో డేవిడ్ స్పీగెల్, ఆయన సహచరులు, రొమ్ము క్యాన్సర్ ఇతర భాగాలకు పాకిన 86 మంది స్త్రీల మీద చేసిన అధ్యయనాన్ని లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించారు. వారంవారం కలుసుకొని మనసు విప్పి మాట్లాడుకున్న బృందంలోని స్త్రీలు సగటున దాదాపు ఏడాదిన్నర ఎక్కువ కాలం బతికారన్నది అందులో తేలిన విషయం. ఆ వార్త ప్రపంచమంతా పాకింది. 2001లో కెనడాకు చెందిన పమేలా గుడ్విన్ బృందం అటువంటి పద్ధతినే 235 మందితో పరీక్షించింది. ఆయుష్షులో తేడా కనిపించలేదు. కానీ బృందంలో ఉన్నవారికి మానసిక బాధ తగ్గింది, నొప్పి తగ్గింది. మొదట్లో ఎక్కువ బాధలో ఉన్నవారికే ఎక్కువ మేలు జరిగింది. అవి శిక్షణ పొందిన నిపుణులు నడిపిన, ముఖాముఖి బృందాలు. ఫోను ద్వారా ఒకరితో ఒకరు మాట్లాడటం అచ్చంగా అదే కాదు. అయినా నా రోగుల విషయంలో దాని విలువను నేను నమ్ముతాను, ఎందుకంటే వారు నా గదిలో చెప్పని మాటలు అక్కడ చెప్పుకొని, కొంత తేలికపడిన తరువాత నా దగ్గరికి వస్తున్నారు.

ఈ రెండో అధ్యయనాన్ని ప్రత్యేకంగా ఎందుకు చెబుతున్నానంటే, “ధైర్యంగా ఉంటేనే జబ్బు తగ్గుతుంది, దిగులు పడితే తిరగబెడుతుంది” అన్న మాట మన ఇళ్లలో మందు కన్నా ఎక్కువగా పంచుతారు. దానివల్ల రోగి భయపడటానికి కూడా భయపడుతుంది. న్యూయార్కులోని స్లోన్ కెటరింగ్ ఆసుపత్రిలో క్యాన్సర్ రోగుల మానసిక వైద్యానికి పునాది వేసిన జిమ్మీ హాలండ్ అనే మానసిక వైద్యురాలు ఈ ఒత్తిడిని ఒక దౌర్జన్యంగా చూశారు. శారదానది గారూ, మీరు ఏడ్చినందువల్ల క్యాన్సర్ తిరిగిరాదు. మీ మాత్ర మానకుండా వేసుకోవడం, చెకప్‌లు తప్పకుండా ఉండటం చాలు.

మీకు తోటివారి మాట సరిపోతుందా, వైద్య సాయం కూడా కావాలా అన్నది తెలుసుకోవడానికి మేము వాడే తేలికైన కొలత ఒకటి ఉంది. కాగితం మీద థర్మామీటరు బొమ్మ గీసి, 0 నుంచి 10 దాకా అంకెలు వేసి, ఈ రోజుతో కలిపి గడచిన వారంలో మీ బాధ ఎంత ఉందో గుర్తు పెట్టమంటాము. 4 గానీ, అంతకు మించి గానీ వస్తే నిపుణులు ఒకసారి చూడటం మంచిది. అంకె ఎంతైనా సరే, బడికి వెళ్లలేకపోవడం, రెండు వారాలపాటు దేని మీదా ఆసక్తి లేకపోవడం, బతకడం దండగ అనిపించడం ఉంటే ఆగవద్దు.

జవాబు: శారదానది

అందరికీ కృతజ్ఞతలు. రాత్రి చెమటలకు మాత్ర కారణం కావచ్చునని నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ఆ ఒక్క మాటతో కాస్త ఊపిరి తీసుకున్నాను. పేరు రాయించుకోవాలనే అనుకుంటున్నాను.

కానీ అడగడానికి సంకోచిస్తున్న మాట ఒకటి మిగిలింది. నేను ఒక ఆవిడకు అలవాటుపడి, మనసు విప్పి మాట్లాడుకుంటున్న సమయంలో ఆవిడకు జబ్బు తిరగబెడితే? లేదా ఆవిడ పోతే? డే కేర్‌లో నా పక్క మంచం ఆవిడ ఒక వారం రాలేదు, ఆ తరువాత కూడా రాలేదు. ఎందుకని సిస్టర్‌ను అడిగే ధైర్యం నాకు లేకపోయింది. మళ్లీ అటువంటిది తట్టుకోగలనా అన్నది నా భయం. ఇలా అడగడం మీలో ఎవరి మనసునైనా నొప్పిస్తే క్షమించండి.

జవాబు: ఆస్టిన్ నుంచి గుంటూరు ఆడపడుచు

శారదానది గారూ, మీరు భయపడుతున్న ఆ మనిషిని నేను, కాబట్టి నేనే జవాబు చెప్పడం న్యాయంగా ఉంటుంది. మాది గుంటూరు, ఇప్పుడు అమెరికాలో ఉంటున్నాము. రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స అయిపోయి, కొన్నేళ్లు బాగా ఉన్నాక, అది నా ఎముకలకు, కాలేయానికి పాకింది. నాలుగో దశ అంటారు. మందులతో అదుపులో ఉంది, ఉద్యోగం చేసుకుంటున్నాను, ఎంతకాలం అన్నది ఎవరూ చెప్పలేరు.

మీ మాట నన్ను నొప్పించలేదు. నొప్పించినది ఇంకొకటి. జబ్బు తిరగబెట్టిన సంగతి చెప్పినప్పుడు, నేను అంతకుముందు ఉన్న బృందంలో అందరూ నిశ్శబ్దమైపోయారు. నేను నోరు విప్పితే వాళ్ల ఆశ చెడిపోతుందేమోనన్న భయం వాళ్ల ముఖాల్లో కనిపించింది. వాళ్ల తప్పని నేను అనను. నిన్న మొన్న చికిత్స ముగిసినవారినీ, నావంటివారినీ ఒకేచోట కూర్చోబెట్టడం ఎవరికీ మంచిది కాదు. ఇక్కడ మా ఆసుపత్రిలో నాలుగో దశవారికి విడిగా బృందం ఉంది, వీడియోలో కలుస్తారు. అక్కడివారు ఎంతో మంచివారు. కానీ మా అమ్మకు ఏమి చెప్పాలో తెలియడం లేదన్న మాట, పిల్లవాడి ఉపనయనం ఏ ఏడాది పెట్టుకోవాలన్న మాట వారితో చెప్పుకోలేను, చెప్పుకోవాలంటే ముందు అరగంట వివరించాలి. ఇప్పుడు మేము నలుగురైదుగురం తెలుగువాళ్లం, ఇదే దశలో ఉన్నవాళ్లం, శనివారం పొద్దున్నే, హైదరాబాదులో ఉన్నవారికి రాత్రి భోజనాలయ్యే వేళకు, వీడియోలో కలుస్తాము. కీమో అయిన వారం కెమెరా కట్టేసుకొని పడుకొని వినవచ్చు, దానికి ఎవరూ ఏమీ అనుకోరు.

మాలో ఒకరు పోయారు. ఆ తరువాత వచ్చిన శనివారం ఎవరం మానలేదు. ఆవిడ గురించే మాట్లాడుకున్నాము, వాళ్లాయన కూడా కాసేపు వచ్చి కూర్చున్నారు. బాధ పడ్డామా అంటే చాలా పడ్డాము. ఆవిడ పరిచయం కాకుండా ఉంటే బాగుండేదని మాత్రం మాలో ఎవరికీ అనిపించలేదు. మీ పక్క మంచం ఆవిడ ఏమైందో తెలియకపోవడం మిమ్మల్ని ఇంతకాలం బాధిస్తున్నది, తెలిసి ఏడ్చి ఉంటే ఇంత భారం ఉండేది కాదేమో. ఇది నా అనుభవం మాత్రమే, మీకు ఇప్పుడే దీనికి సిద్ధపడమని చెప్పను. చికిత్స ముగిసి ఎక్కువ ఏళ్లయినవారిని జత చేయమని అడగండి. అలా అడిగినందుకు నావంటివారెవరూ తప్పు పట్టరు.

జవాబు: విజయవాడ నుంచి ఒక భర్త

ఒక చిన్న మాట. నా భార్యకు అండాశయ క్యాన్సర్, చికిత్స నడుస్తున్నది. “తలచుకోకు” అని మీ భర్తగారు అనడం వెనుక ఉన్నది భయమే అయి ఉండవచ్చునమ్మా. మగవాళ్లం డబ్బు సర్దడం, బండి మాట్లాడటం, రిపోర్టులు ఫైలులో పెట్టడం బాగా చేస్తాము, ఆ పనులు అయిపోయాక ఏమి చేయాలో మాకు తెలియదు. తోడుగా ఉండేవారికి కూడా ఇటువంటి ఫోను ఏర్పాటు ఉందేమో ఆ సోషల్ వర్కరునే అడగండి. నేను ఇంకొక రోగి భర్తతో అప్పుడప్పుడు మాట్లాడుతున్నాను. నా భార్య మాట ఎత్తినప్పుడు మధ్యలో లేచి వెళ్లకుండా కూర్చోగలుగుతున్నాను.

జవాబు: కోనసీమ అక్క

ఆస్టిన్ చెల్లెలు చెప్పినదానికి నేను కలపగలిగినది తక్కువ. మాకు ఒక నియమం ఉంది. మాట్లాడే మాలో ఎవరికైనా జబ్బు తిరగబెడితే, ఆ సంగతిని అవతలివారి దగ్గర దాచి మాయమైపోము. వీలైతే ఆ మనిషే చెబుతుంది, లేకపోతే సోషల్ వర్కరు చెప్పి, మరొకరిని జత చేస్తారు. శారదానది గారూ, మీరు పేరు రాయించేటప్పుడు ఈ ప్రశ్న కూడా అడగండి, అక్కడి పద్ధతి ఏమిటో ముందే తెలుస్తుంది.

ఇంకా కొన్ని చేతిలో పెట్టుకోవలసిన సంగతులు. మాట్లాడే వేళ మీరే నిర్ణయించుకోండి, బడి నుంచి వచ్చాక ఇంట్లో అందరూ ఉండే సమయం వద్దు. చాలామంది మధ్యాహ్న భోజన విరామంలోనో, ఆదివారం గుడికి వెళ్లే దారిలోనో మాట్లాడతారు. మొదటిసారి పదిహేను నిమిషాలు చాలు. ఆ మనిషితో కుదరలేదనిపిస్తే మొహమాటపడకుండా మార్చమని చెప్పండి, మాకు అలవాటే. చెకప్‌కు ముందు వారం, రిపోర్టు చేతికి వచ్చే రోజు ముందే చెప్పి ఉంచితే ఆ రోజుల్లో మేమే ఫోను చేస్తాము.

మేము రాత్రిళ్లు ఫోను ఎత్తలేము. మాకూ నిద్ర కావాలి, మాలో కొందరికి ఇంకా మందులు నడుస్తున్నాయి.

జవాబు: హైదరాబాదు నుంచి ఒక క్లినికల్ సైకాలజిస్టు

అక్కగారు చివర రాసిన రాత్రి సంగతికి నేను జవాబు చెబుతాను. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవకు 14416 నంబరు మీద ఇరవై నాలుగు గంటలూ ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. వారు క్యాన్సర్ చూసి వచ్చినవారు కారు, శిక్షణ పొందిన కౌన్సెలర్లు. అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు. అక్కగారివంటివారితో మాట్లాడటానికి ఇది బదులు కాదు, రెండింటినీ ఉంచుకోండి. తెల్లవారుజామున మెలకువ వచ్చి, భయం ఆగనప్పుడు పొద్దున దాకా ఒంటరిగా పడుకొని ఉండనవసరం లేదు. నంబరును ఫోనులో మీకు గుర్తుండే వేరే పేరుతో పెట్టుకోండి, ఇంట్లోవారు చూసినా ఇబ్బంది ఉండదు.